పులి–మేక ఆటలో మేకలు పులిని చంపవు

2019 చలికాలంలో ఒక శనివారం. రాత్రంతా ప్రొడక్షన్ రిలీజుతో కుస్తీ పట్టి, తెల్లారగట్ల అలా నడుం వాల్చానో లేదో ఫోను మోగింది. మహేశ్వరం అవతల మా ఊర్లో ఉండే చిన్నాయన.

"బిడ్డా, బాయికాడ లేగను పులి కొట్టింది. జర వస్తవా?"

వెళ్ళాను. బావి దగ్గర నాలుగు గుంజల మీద రేకులు వేసిన కొట్టం. చుట్టూ గోడ లేదు, తలుపు లేదు. దానికి నలభై అడుగుల దూరంలో లేగ పడి ఉంది. గొంతు మీద పళ్ళ గాట్లు, వెనక భాగం తినేసి ఉంది. నీళ్ళ కాలవ పక్కన తడిమట్టిలో గుండ్రటి అడుగులు, గోళ్ళ గుర్తులు లేకుండా. కుక్కయితే గోళ్ళు పడతాయి. పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది. అంటే చిరుతే. (మా దిక్కు చిరుతను కూడా పులి అనే అంటారు. అసలు పులిని పెద్దపులి అంటారు.)

చిన్నాయన చేతిలో పురుగుమందు డబ్బా ఉంది.

"రాత్రికి మళ్ళ వస్తది బిడ్డా, మిగిలింది తినేతందుకు. దీనిమీద ఇంత మందు పోస్తే ఇగ పీడ పోతది."

నేను వెంటనే వన్యప్రాణి చట్టం, మొదటి షెడ్యూలు, జైలు అంటూ క్లాసు పీకడం మొదలెట్టాను. ఆయన అంతా ఓపిగ్గా విని ఒకటే అడిగాడు. "మంచిగనే ఉంది. మరి లేగను సంపినందుకు దానికి ఎన్నేండ్లు పడ్తది?"

నా దగ్గర జవాబు లేదు. ఆ డబ్బా సంగతి చివర్లో చెప్తాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను చాలా రోజులు వదల్లేదు. పులికీ మనిషికీ తగాదా వచ్చినప్పుడు మన సర్కార్లు ఇన్నేళ్ళుగా ఏం చేస్తూ వచ్చాయి, దాని ఖర్చు ఎవరి మీద పడింది అని అప్పటినుంచి దొరికినవి చదువుతూ వచ్చాను. ఈ టపా ఆ చదువు ఫలితం.

సోమవారం ఆఫీసులో చెప్తే ఎవ్వడూ నమ్మలేదు. "మహేశ్వరంలో పులా? ఎయిర్‌పోర్టు పక్కనా? అడవిలోంచి తప్పిపోయి వచ్చుంటుంది" అన్నారు. అందరం చేసే పొరపాటే ఇది. చిరుతకి పెద్దపులిలాగా దట్టమైన అడవి అక్కర్లేదు. మా వైపు ఉండే రాతిగుట్టలు, బండల సందులు, సీతాఫలం పొదలు, ఒక చెరువు చాలు. కుందేలు, నెమలి, అడవిపంది పిల్ల, ఏదీ దొరక్కపోతే ఊరకుక్క. కందుకూరు మండలంలో పులిమామిడి అని ఒక ఊరే ఉంది. (పుల్లటి మామిడి అని కూడా అర్థం తీయొచ్చు కాబట్టి దీన్ని సాక్ష్యంగా కోర్టులో పెట్టను లెండి :-) ) ఇక్కడికి కొత్తగా వచ్చింది మనమే. ఫ్యాబ్ సిటీ మాట మొదలైంది 2006లో, శంషాబాద్ విమానాశ్రయం తెరిచింది 2008లో, ఆ తర్వాత అవుటర్ రింగు రోడ్డు. చిరుత అంతకు ముందునుంచే ఇక్కడి రెసిడెంటు.

ఇక చరిత్రలోకి వద్దాం.

మొదటి పద్ధతి: చంపితే డబ్బులు. ఇది మన దగ్గర పుట్టింది కాదు. క్రీస్తు పూర్వం ఏథెన్స్‌లో సోలన్ చేసిన చట్టంలోనే తోడేలుని చంపి తెస్తే 5 ద్రాక్మాలు, పిల్లని తెస్తే 1 ద్రాక్మా అని ఉండేదని ప్లూటార్క్ రాశాడు. మనం బగ్ బౌంటీ అంటున్నామే, దాని ముత్తాత అన్నమాట. బ్రిటిష్ ఇండియాలో ఇదే పద్ధతిని పెద్ద ఎత్తున నడిపారు. పులి, చిరుత, తోడేలు అన్నీ వాళ్ళ లెక్కలో పీడ జంతువులు. అడవి కొట్టి సాగు పెంచితే శిస్తు పెరుగుతుంది, దానికి ఇవి అడ్డం. చర్మం తెచ్చి చూపించు, బహుమతి పట్టుకుపో. 1875 నుంచి 1925 వరకు యాభై ఏళ్ళలో 80,000కి పైగా పెద్దపులులు, 1,50,000కి పైగా చిరుతలు, 2,00,000 తోడేళ్ళు ఇలా చచ్చాయని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్క కట్టాడు.

ఒక్క నిమిషం ఆగి ఆ అంకెలు మళ్ళీ చదవండి. 2022 గణనలో దేశం మొత్తం మీద తేలిన చిరుతల అంచనా 13,874.

మెట్రిక్ ఏది పెడితే పని అటే జరుగుతుందని మనకి తెలుసు కదా. మూసిన టికెట్ల లెక్కతో హైకులిస్తే టికెట్లు మూతపడతాయి, బగ్గులు ఉంటాయి. ఇక్కడా అంతే. ఏ పులి మనుషుల్ని తింటోంది, ఏది దాని మానాన అది అడవిలో బతుకుతోంది అని బహుమతి అడగదు. చర్మం చర్మమే.

అమెరికాలో ఉన్నవాళ్ళు నవ్వకండి, మీ దగ్గరా అదే కథ. క్యుపర్టినోలో ఉండే నా మిత్రుడు వాకింగ్‌కి వెళ్ళే దారి మొదట్లో "ఇక్కడ మౌంటెన్ లయన్ తిరుగుతుంది, పరిగెత్తకండి, పిల్లల్ని దగ్గర పెట్టుకోండి" అని బోర్డు ఉంటుందట. ఆ కాలిఫోర్నియాలోనే 1907 నుంచి 1963 వరకు మౌంటెన్ లయన్ తలకి బహుమతి ఉండేది. లెక్కకెక్కినవే 12,461 చచ్చాయి. తర్వాత 1990లో అదే రాష్ట్రం ప్రజలు ఓటేసి మరీ దాని వేటని నిషేధించారు. తుపాకీ నుంచి బోర్డు దాకా రావడానికి వాళ్ళకీ ఎనభై ఏళ్ళు పట్టింది.

మన తెలుగువాళ్ళలో కోస్తా, సీమ వాళ్ళు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నారు. మేం నిజాం ఇలాకా. మా దగ్గర పులి అంటే శిస్తు సమస్య కంటే దర్జా సమస్య. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి వేట పిచ్చి. ఆయన ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ తీసిన వేట ఫొటోలు మీరూ చూసే ఉంటారు. 1902లో వైస్రాయి కర్జన్ వస్తే వరంగల్ వైపు నెక్కొండ దగ్గర వేట ఏర్పాటు చేశారు. దొరగారు, దొరసానిగారు నిలబడి, ముందు పడి ఉన్న పులితో దిగిన ఫొటో ఇప్పటికీ తిరుగుతూ ఉంటుంది. హైదరాబాద్ చుట్టుపక్కల చాలా ఊళ్ళు సర్ఫెఖాస్, అంటే నిజాం సొంత ఖాతా భూములు. ఇప్పుడు వనస్థలిపురం దగ్గర జింకల పార్కు అంటున్నామే, మహావీర్ హరిణ వనస్థలి, అదీ ఒకప్పటి నిజాం వేట స్థలమే. నల్లమలలో ఫర్హాబాద్‌లోనూ వేట బంగళా ఉండేది.

వెట్టి నడిచిన రోజులవి. డప్పులు కొట్టి జంతువుని తోలే పని ఊరివాళ్ళది, మచాన్ మీద కూర్చుని తుపాకీ పేల్చే పని పెద్దలది. ఫొటోలో మాత్రం తుపాకీ ఉన్నవాళ్ళే పడతారు. ఏ పులి ఎవరి బర్రెని కొట్టిందో ఆ ఫొటోల్లో ఎక్కడా ఉండదు.

మరి ఆ రోజుల్లో ఊరివాడు ఏం చేసేవాడు? సర్కారు వచ్చి కాపాడుతుందని కూర్చోలేదు. దీనికి నాకు పుస్తకాలు అక్కర్లేకపోయింది, మా నానమ్మ ఉంది. మా తాతకి గొర్రెల మంద ఉండేది. పొద్దు గూకకముందే మందని దొడ్డిలోకి తోలేవారట. దొడ్డి చుట్టూ మనిషి నడుమెత్తు తుమ్మకంప. పిల్లల్ని గంపల కింద మూసేవారు. నాలుగు కుక్కలు నాలుగు దిక్కులా. మధ్యలో నెగడు. అన్నిటికంటే ముఖ్యం, మంద కాడ ఒక మనిషి పడుకోవడం. "మీ తాత పెండ్లయిన కొత్తల గూడ ఇంట్ల పండుకోలే, మంద కాడనే" అని నానమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

అంటే రక్షణ వ్యవస్థ మొత్తం ఒక మనిషి నిద్ర మీద నడిచింది. దానికి జీతం లేదు, లెక్కల్లో ఎక్కడా ఖర్చుగా కనపడదు. ఆ మనిషి మనవడు ఇప్పుడు కూడా నైట్ డ్యూటీ చేస్తున్నాడు, కాకపోతే అమెరికా క్లయింటు కోసం. మంద అమ్మేశారు. రెండు బర్రెలు, ఒక ఆవు మిగిలాయి, కొట్టం దగ్గర రాత్రి ఎవ్వరూ ఉండరు. చిరుత కొత్తగా వచ్చిందని ఆఫీసులో అన్నారు కదా, నిజానికి అక్కడినుంచి వెళ్ళిపోయింది నేను.

మూడో ఘట్టం 1972. ఆ ఏడాది దేశమంతా వెతికితే 1,827 పెద్దపులులు తేలాయి. అదే ఏడాది వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, మరుసటి ఏడాది ప్రాజెక్ట్ టైగర్. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. (2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు ముక్క అమ్రాబాద్ అయింది.) ఈ చట్టం లేకపోతే ఈపాటికి పులిని బొమ్మల పుస్తకంలో చూపించేవాళ్ళం. అందులో నాకు ఏ అనుమానమూ లేదు.

కానీ చట్టంలో 11వ సెక్షన్ చదివితే ఒక సంగతి కనపడుతుంది. మొదటి షెడ్యూలు జంతువుని, అంటే పులిని గానీ చిరుతని గానీ, చంపడానికి అనుమతి ఇవ్వాలంటే అది మనిషి ప్రాణానికి ప్రమాదంగా మారి ఉండాలి, లేదా కోలుకోలేని రోగమో గాయమో అయి ఉండాలి. పైగా పట్టుకోవడానికి, మత్తు ఇవ్వడానికి, వేరే చోటికి తరలించడానికి వీల్లేదని తేలాలి. రెండో షెడ్యూలు జంతువులకైతే ఆస్తికి, పంటకి నష్టం చేసినా కారణంగా చూపొచ్చు. పులి విషయంలో ఆస్తి లెక్కలోకి రాదు. లేగ ఆస్తి. చిన్నాయన ప్రశ్నకి చట్టం ఇచ్చే జవాబు ఇదీ. లేగకి బదులుగా పరిహారం ఉంది. పంచనామా, పశువైద్యుడి సర్టిఫికెట్, ఫొటోలు, దరఖాస్తు. మా కేసులో ఆ కాగితాలు పట్టుకుని నేను ఎన్నిసార్లు సెలవు పెట్టానో మా మేనేజరుకి తెలుసు. డబ్బు వచ్చింది, కానీ అది వచ్చేనాటికి చిన్నాయన ఇంకో లేగని అప్పు చేసి కొనేశాడు.

చూడండి, బహుమతులు పోయాయి, వేట పోయింది, రక్షణ వచ్చింది. పాలసీ తలకిందులుగా మారింది. నష్టం భరించేవాడు మాత్రం మారలేదు.

ఇక నాలుగో పద్ధతి, మనందరం టీవీలో చూసింది: బోను. 2020 మే 14న లాక్‌డౌన్‌లో కాటేదాన్ దగ్గర జాతీయ రహదారి మీద చిరుత కూర్చున్న వీడియో గుర్తుందా? అది తప్పించుకుంది. అదే ఏడాది అక్టోబరులో రాజేంద్రనగర్ దగ్గర ఒక చిరుత బోనులో పడింది. 2024 ఏప్రిల్ 28న శంషాబాద్ విమానాశ్రయం ప్రహరీ దూకి ఇంకోటి లోపలికి వచ్చింది. బోన్లు, ఎరకి మేకలు, కెమెరాలు పెట్టి అయిదు రోజులు కాపు కాస్తే మే 3 తెల్లవారుజామున చిక్కింది. జూపార్కుకి తీసుకెళ్ళి పరీక్షలు చేసి నల్లమలలో వదిలారు. అందరం హమ్మయ్య అనుకున్నాం. అటవీ సిబ్బంది ఆ అయిదు రాత్రులు పడ్డ కష్టం తక్కువేం కాదు. రన్‌వే దగ్గర చిరుతని ఉంచుకోలేం కూడా.

కానీ ప్రతి చోటా ఇదే మంత్రం వేస్తే ఏమవుతుందో మహారాష్ట్ర మనకంటే ముందే చూసింది. పుణె జిల్లా జున్నర్‌లో చెరుకు తోటల్లో చిరుతలు ఉంటాయి. 2001లో అక్కడ పెద్ద ఎత్తున పట్టుకుని వేరే అడవుల్లో వదలడం మొదలెట్టారు. విద్యా ఆత్రేయ బృందం తర్వాత లెక్కలు తీసింది. అంతకు ముందు ఏడాదికి సగటున 4 దాడులు మనుషుల మీద జరిగేవి. తరలింపు మొదలయ్యాక అది 17కి పెరిగింది. దాడుల్లో ప్రాణాలు పోయినవి 18 శాతం నుంచి 36 శాతానికి వెళ్ళాయి. అవును, పెరిగాయి.

ఎందుకంటే చిరుతకి సొంత ఇలాకా ఉంటుంది. బోనులో భయపడి, గాయపడి, తెలియని చోట దిగిన జంతువు తిన్నగా ఉండదు. కొన్ని ఇంటిదారి పడతాయి. 2009లో అహ్మద్‌నగర్ జిల్లాలో బావిలో పడ్డ ఒక ముసలి మగ చిరుతకి రేడియో కాలర్ కట్టి మాల్షేజ్ ఘాట్‌లో వదిలితే, అది దాదాపు 120 కిలోమీటర్లు నడిచి ముంబై నేషనల్ పార్కుకి చేరింది. దారిలో హైవేలు, రైలు పట్టాలు దాటింది. ఎవ్వరి జోలికీ పోలేదు. దానికి అజోబా, అంటే తాతయ్య, అని పేరు పెట్టారు. 2011లో హైవే మీద బండి గుద్ది చచ్చిపోయింది. దాని మీద మరాఠీలో సినిమా కూడా వచ్చింది.

ఇప్పుడు మా సంగతి చూడండి. అమ్రాబాద్ అడవికి పోయే శ్రీశైలం రోడ్డు మా మహేశ్వరం గేటు ముందునుంచే వెళ్తుంది. గేటు నుంచి మన్ననూరుకి దూరం అజోబా నడిచినదానికంటే ఎక్కువేం కాదు. మనం చేస్తున్నది టికెట్‌ని ఫిక్స్ చేయకుండా ఇంకో టీముకి అసైన్ చేయడం. ఆ ఇంకో టీము ఎవరు? నల్లమల అంచున మేకలు కాసుకునే చెంచులు, లంబాడీలు. వాళ్ళ దగ్గర టీవీ వ్యాన్లు ఉండవు. 2011లో కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఇలా పట్టి వేరేచోట వదలడం మంచిది కాదనే చెప్పారు.

"నీకేం, కీబోర్డు ముందు కూర్చుని ఎన్నైనా చెప్తావు, మనుషులు చచ్చిపోతే?" అంటారా. న్యాయమైన ప్రశ్నే. 2020 నవంబరులో కొమురం భీం జిల్లాలో పెద్దపులి ఇద్దరు గిరిజన పిల్లల ప్రాణం తీసింది, ఒకరు యువకుడు, ఒకరు అమ్మాయి. 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాపని చిరుత చంపేసింది. అలాంటి చోట ఆ జంతువుని తీసేయాల్సిందే, వెంటనే. అక్కడ ఆలస్యం చేస్తే ఊరివాళ్ళకి చట్టం మీద మిగిలిన కాస్త నమ్మకమూ పోతుంది. నేను అంటున్నది మనుషుల జోలికి రాని చిరుత గురించి. కనపడిందని బోను పెట్టమనడం, అదొక్కటే మందు అనుకోవడం గురించి.

చిన్నప్పుడు మా ఊరి రచ్చబండ మీద గీసిన గళ్ళలో పులి–మేక ఆడేవాళ్ళం. మీలో చాలామంది ఆడే ఉంటారు, పులిజూదం అని కూడా అంటారు. నాలుగు పులులు, పదహారు మేకలు. (కొన్ని ఊళ్ళలో మూడు పులులు, పదిహేను మేకలు.) పులి మేక మీదుగా అవతలి ఖాళీలోకి దూకితే మేక చచ్చినట్టు. మేకకి పులిని చంపే ఎత్తు ఒక్కటీ లేదు. అయినా మేకలు గెలుస్తాయి. ఎలాగంటే, ఏ మేక వెనకాల ఖాళీ లేకుండా నిలబడి పులికి దూకే చోటు లేకుండా చేస్తాయి. పులి బోర్డు మీదే ఉంటుంది, దానికి ఎత్తు దొరకదు. అంతే.

మా కొట్టంలో ఖాళీ ఏదో తెలుస్తూనే ఉంది. నేనూ చిన్నాయనా కలిసి నాలుగు పక్కలా ఇనప జాలీ కట్టించాం. రేకుకీ జాలీకీ మధ్య సందు కూడా మూసేశాం, ఎందుకంటే చిరుత గోడ ఎక్కి పైనుంచి దిగగలదు. ఒక తలుపు, గొళ్ళెం. మొత్తం ఖర్చు నా ఫోను ఖరీదు కంటే తక్కువ. ఆ తర్వాత కాలవ పక్కన అడుగులు రెండుమూడుసార్లు కనపడ్డాయి, ఒక ఊరకుక్క పోయింది. లేగలు మాత్రం భద్రంగా ఉన్నాయి. తాత నిద్ర చేసిన పని ఇప్పుడు జాలీ చేస్తోంది.

తేడా ఏంటంటే, మా చిన్నాయనకి జీతమొచ్చే అన్నకొడుకు ఉన్నాడు. పక్క బావి వాళ్ళకి లేడు. మా చుట్టూ ఇప్పుడు ఫ్యూచర్ సిటీ వస్తోంది. 2025లో దానికోసం పెట్టిన అథారిటీ కింద మహేశ్వరం, కందుకూరు, ఇబ్రహీంపట్నం, యాచారం, మంచాల, కడ్తాల్, ఆమనగల్ మండలాల్లోని 56 ఊళ్ళు ఉన్నాయి. రోడ్లకి, టవర్లకి పెట్టే డబ్బులో జాలీ కొట్టాల ఖర్చు పైసల్లోకి కూడా రాదు. ఆ గుట్టల్లో ఎన్ని చిరుతలున్నాయో లెక్క లేదు, ఎందుకంటే ఆ 13,874 అంచనా ప్రధానంగా పులుల అడవుల్లో తీసింది, ఊళ్ళ మధ్య గుట్టల్లో కాదు. ముందు లెక్క తీయాలి, కొట్టాలకి జాలీ ఇవ్వాలి, పరిహారం నెలల్లో కాకుండా రోజుల్లో రావాలి. ఇక అక్కడ ప్లాట్లు కొంటున్న మనం చికెన్ వ్యర్థాలు రోడ్డు పక్కన పారేయకుండా ఉంటే చాలు. వాటికోసం కుక్కలొస్తాయి, కుక్కల కోసం చిరుత వస్తుంది. తర్వాత గేటెడ్ కమ్యూనిటీ గ్రూపులో వీడియో పెట్టి బోను కావాలి అంటాం.

అన్నట్టు, ఆ డబ్బా సంగతి. ఆ రోజు నా క్లాసు అయిపోయాక కూడా చిన్నాయన డబ్బా దించలేదు. అప్పటిదాకా గట్టు మీద కూర్చున్న నానమ్మ లేచి వచ్చింది. "పులి ఒక్కటే తింటదారా దాన్ని? మన కుక్కలు తినయా, ఎంకన్న కుక్కలు తినయా? మీ నాయన మందు పెట్టెటోడు గాదు. కంప ఏసెటోడు" అంది.

చిన్నాయన కాసేపు మాట్లాడలేదు. ఆ మందు మర్నాడు టమాటా మీద కొట్టాడు.